కాల్చని చెవులు

ఆరేళ్లుగా ఒక వాక్యం మోస్తున్నాను. నాలుగే నాలుగు మాటలు. నేను అన్నదే. నా గొంతుతోనే, ముగ్గురు వింటుండగా అన్నదే. అబద్ధమని ఎవరూ పట్టుకోలేదు. పట్టుకునే వీలు కూడా లేదు. దాని బరువెంత అని అడిగితే చెప్పలేను గానీ, ఒక్కరోజు కూడా దించి పక్కన పెట్టలేకపోయాను. ఈ రోజు మీ ముందు దించుతున్నాను.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నా ఏడుపు చూడాలని వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను చేసినదాంట్లో సగానికి నేను తల వంచను. మిగతా సగానికి వంచుతాను, కానీ మీ ముందు కాదు. ఏది ఏ సగమో చదివితే మీకే తెలుస్తుంది. పేర్లు మార్చాను. నా పేరు చెప్పను. ఖమ్మంలో ఒక ఫార్మసీ కాలేజీ అనుకోండి, చాలు.

నేను అక్కడ పీహెచ్‌డీ చేశాను. మాది ముసల్మాన్ల ఇల్లు, తోళ్ల వ్యాపారం. తాత కాలం నుంచీ అదే పని. కసాయి దుకాణాల నుంచి మేకతోళ్లు, గొర్రెతోళ్లు మా గోదాముకు వస్తాయి. ఉప్పు పట్టించి, ఆరబెట్టి, లారీకి ఎత్తిస్తారు. ఆ వాసనలో పెరిగి, తెలుగు మీడియంలో చదివి, ఆ ఇంట్లోంచి ల్యాబు దాకా వచ్చిన మొదటి ఆడపిల్లని నేను. మొదటి ఆడపిల్ల అంటే వినడానికి బాగానే ఉంటుంది. మొదట వచ్చినవాళ్లు ఏదీ రాదనకూడదు, ఏదీ వద్దనకూడదు. ఒక్కసారి వద్దన్నారా, తర్వాత వచ్చేవాళ్లందరికీ అదే పేరు పడుతుంది. ఇది నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఇప్పటికీ తప్పనుకోను.

నా పరిశోధన నొప్పుల మందు మీద. మా వైపు మిరప చేలల్లో పొద్దస్తమానం వంగి కాయ తెంపే ఆడవాళ్లు మోకాళ్ల నొప్పులకు మాత్రలు మింగీ మింగీ కడుపులు పాడు చేసుకుంటారు. అదే మందు పైన పూస్తే కడుపు జోలికి పోదు. కానీ చర్మం దాన్ని లోపలికి రానివ్వదు. రానివ్వకపోవడమే చర్మం పని. దాని పైపొర ఇటుక గోడ లాంటిది, ఇటుకల మధ్య సున్నానికి బదులు కొవ్వు ఉంటుంది. కొవ్వుకు కొవ్వే దారి ఇస్తుంది. అందుకని మందును కరిగిన కొవ్వులో కలిపి, వేడినీళ్లలో పోసి, మిషన్లో గిరగిరా తిప్పి, వెంట్రుక మందంలో కొన్ని వందలు పట్టేంత సన్నని గుళికలు చేస్తాం. లిపిడ్ నానోపార్టికల్స్ అంటారు. వాటిని జెల్‌లో కలిపి పూస్తే, మందు ఆ గోడలో ఇరుక్కుని రోజంతా మెల్లమెల్లగా లోపలికి దిగాలి. అదీ మా ఆశ.

దిగుతోందో లేదో చూడడానికి ముందే మనుషులకు పూయరు కదా. దానికొక గాజు పరికరం ఉంది. పైన జెల్, కింద ఉప్పునీళ్లు, మధ్యలో రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్ద చర్మం ముక్క. గంటకోసారి కింది నీళ్లు తీసి, ఎంత మందు దిగిందో కొలుస్తాం. ఆ చర్మం మనిషి చర్మానికి దగ్గరగా ఉండాలి. మాకు సులువుగా దొరికేవాటిలో బాగా దగ్గరిది పంది చెవి చర్మం.

ఇప్పుడు మీకు సగం అర్థమై ఉంటుంది. తొందరపడకండి.

ఆ చెవులు తెచ్చే మనిషి ముత్తయ్య. మా ల్యాబులో కాంట్రాక్టు అటెండరు. దుమ్ముగూడెం అవతల కోయగూడెం వాళ్లది. పెళ్లాం, ముగ్గురు పిల్లలు ఊళ్లోనే, ఈయన ఖమ్మంలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. పదిహేను రోజులకోసారి ఆదివారం ఊరెళ్లి, సోమవారం చెవులతో వచ్చేవాడు. వాళ్ల వైపు పందిని కోశాక గడ్డి మంట మీద కాల్చి బొచ్చు తీస్తారు. కాల్చితే పైపొర పోతుంది, ఇక ఆ చర్మం మాకు పనికిరాదు. ఆ విషయం మా గైడ్ సార్ ఒక్కసారి చెప్పారు, ముత్తయ్యకు పట్టింది. తల ఎవరి వాటాకు వస్తుందో కనుక్కుని, వాళ్లను ముందే బతిమాలి, మంట వెయ్యకముందే చెవులు కోసుకునేవాడు. ఊళ్లో నవ్వేవాళ్లట. "చెవుల ముత్తయ్య" అని పేరు కూడా పెట్టారు. ఆ మాట ఆయనే మాకు చెప్పి నవ్వేవాడు. కోసిన చెవులను మోదుగాకుల్లో చుట్టి, దాని మీద సార్ ఇచ్చిన ఫాయిల్ చుట్టి, ఐసు డబ్బాలో పెట్టి, తెల్లారి మొదటి బస్సెక్కి, నాలుగైదు గంటలు ఆ డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని వచ్చేవాడు. ప్రతి పొట్లం మీద మార్కరుతో ఊరి పేరు, కోసిన టైము, కింద ఒక మాట రాసేవాడు. కాల్చలేదు.

మొదటిసారి ఆ పొట్లం నా ముందు విప్పి సార్ పని అప్పజెప్పినప్పుడు "సరే సార్" అన్నాను. బొచ్చు తీసి, లోపలి మృదులాస్థి నుంచి చర్మం వేరు చెయ్యాలి. గ్లవ్స్ వేసుకున్నాను. కత్తి పట్టుకున్నాను. చెయ్యి కదల్లేదు. కత్తి కింద పెట్టి గ్లవ్స్ తీసేశాను.

దీనికి నేను సిగ్గుపడాలా? పడను. ఎవరి ఒళ్లు వాళ్లది. మాతోపాటు చేరిన ఒకమ్మాయికి గుడ్డు వాసన కూడా పడదు. గుడ్డు సొనలోంచి తీసిన కొవ్వుతో పని చెయ్యాల్సి వచ్చినప్పుడు ఆమె నేరుగా సార్ దగ్గరికి వెళ్లి, నా వల్ల కాదు సార్ అంది. సార్ నవ్వి, సోయాది వాడుకోమన్నారు. అయిపోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. మరి నువ్వూ అడగొచ్చుగా అంటారు. ఆమె అడిగితే అది అలవాటు. నేను అడిగితే అది మతం. క్యాంటీన్‌లో, స్టాఫ్ రూంలో, సార్ కారులో, నా వెనక వచ్చే ప్రతి అమ్మాయి ఇంటర్వ్యూలో ఆ మాట నాకంటే ముందు వెళ్లి కూర్చుంటుంది. ఈ మాట ఇప్పుడు కూడా గట్టిగానే అంటున్నాను. కాదనేవాళ్లు ఒక్క నెల నా పేరు పెట్టుకుని తిరిగి చూడండి.

కానీ అడగకపోవడం ఒకటి. ఆ తర్వాత నేను చేసింది ఇంకొకటి. ఈ రెంటినీ ముడిపెట్టి చాలా ఏళ్లు తప్పించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా గోదాముకు వెళ్లాను. ఉప్పు పట్టించని పచ్చి మేకతోళ్లు చెవులతో సహా ఉంటాయి అక్కడ. అబ్బాను అడిగి నాలుగు చెవులు కోసుకున్నాను. ల్యాబులో మేకచెవి చర్మం అమర్చి, రికార్డులో పంది చెవి చర్మం అని రాశాను. బొచ్చు తీసి, గుండ్రంగా కోసి, గాజు గిన్నెల మధ్య బిగించాక అది ఏ జంతువుదో ఎవరు చెప్పగలరు? ఒక్కసారే అనుకున్నాను. ఈసారికి గడిస్తే చాలనుకున్నాను. రెండేళ్లు గడిచాయి.

ముత్తయ్య తెచ్చిన పొట్లాలు ఏమయ్యాయంటారా? విప్పకుండానే ల్యాబు చెత్త వేసే పసుపు సంచిలో వేసేదాన్ని. ఆస్పత్రి చెత్తతో పాటు అవీ పోయేవి. రెండేళ్లలో ఒక్క పొట్లం విప్పలేదు. ఆయన సోమవారం సాయంత్రం ల్యాబు తుడుస్తూ అడిగేవాడు, చెవులు మంచిగ పనికొచ్చినయా మేడం అని. మంచిగ పనికొచ్చినయ్ అన్నా, అనేదాన్ని. ఆ మాట వినడానికి చీపురు ఆపి నిలబడేవాడు.

ఇంట్లో మా అబ్బా ఆనందం వేరు. మా తోళ్లతో మా పిల్ల దవా తయారు చేస్తోందని బజారంతా చెప్పుకున్నాడు. అటు ఒకాయన, ఇటు ఒకాయన. ఇద్దరికీ మధ్య కూర్చుని నేను గ్రాఫులు గీశాను.

ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. మందు తొందరపడకుండా, గంట గంటకూ సమంగా దిగింది. మేక చర్మంలో దిగిన తీరు అది. కాగితం మీద మాత్రం పందిది, అంటే దాదాపు మనిషిది. పేపరు అచ్చయింది. దాని మీద సార్ పేరూ ఉంది. నాకు డాక్టరేట్ వచ్చింది. ఒక్క సంగతి స్పష్టంగా చెప్పాలి, ఆ జెల్ ఏ మనిషి ఒంటికీ చేరలేదు. చేరి ఉంటే ఈ కాగితం ఇంత నిబ్బరంగా రాసేదాన్ని కాదు.

నా తర్వాత శ్రావణి అనే అమ్మాయి అదే జెల్ తీసుకుని ముందుకు సాగాలి. ఆమె ముత్తయ్య తెచ్చిన చెవులే వాడింది. వాడుతుంది మరి. మొదటిసారి మందంతా మూడు గంటల్లో దిగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నేను అప్పటికి అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఒకరోజు మధ్యాహ్నం సార్ నన్ను కూడా ల్యాబుకు పిలిచారు. వెళ్లేసరికి శ్రావణి తల వంచుకుని ఉంది. ముత్తయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గుమ్మడికాయ దొంగ ఎవరని ఇంకా ఎవరూ అడగలేదు, నేను మాత్రం అప్పటికే భుజాలు తడుముకుంటున్నాను.

సార్‌ది సత్తుపల్లి వైపు. అరిచే మనిషి కాదు.

"ఏమయ్యా ముత్తయ్యా, మంట మీద పెట్టాక కోస్తున్నావా చెవులు?"

"లేదు సార్. కాల్చకముందే కోస్తున్న. నా చేతులతోనే కోస్తున్న."

"మరి ఈ అమ్మాయికి మందంతా మూడు గంటల్లో దిగిపోతోంది. పైపొర దెబ్బ తినకపోతే అట్లా దిగదు."

"పొట్లం మీద రాస్తున్న గద సార్, కాల్చలేదని."

"రాసినంత మాత్రాన అయిపోద్దా?"

ముత్తయ్య నా వైపు తిరిగిండు. క్షమించాలి, తిరిగాడు. ఆయన మాటలు గుర్తొస్తే నా చెయ్యి కూడా ఆయనలాగే రాస్తుంది.

"మేడం, మీరు చెప్పుండ్రి. రెండేండ్లు మీకు తెచ్చిన. ఎన్నడన్న ఒక్కటి ఖరాబయిందా?"

నా ఎదురుగా రెండు దారులున్నాయి. నాకు తెలియదు అనొచ్చు, నేను వాడలేదు కాబట్టి అది నిజం కూడా. లేదా ఉన్నదంతా చెప్పేయొచ్చు. ఇంకా కొన్ని క్షణాలు ఆగితే ఏ దారి పట్టేదాన్నో. ఆగలేదు. ముత్తయ్య వైపు చూడకుండా సార్ వైపు చూసి చెప్పాను.

"అప్పుడు బాగానే ఉన్నయ్ సార్."

అదీ ఆ వాక్యం. వినడానికి ముత్తయ్యను మెచ్చుకున్నట్టే ఉంది. కానీ అప్పుడు బాగుంటే ఇప్పుడు బాగా లేనట్టే కదా. అంటే మనిషి బద్ధకించాడని, మంట వేశాక తీరుబడిగా కోసుకొస్తున్నాడని, పొట్లం మీద అబద్ధం రాస్తున్నాడని. అవన్నీ ఆ ఒక్క మాటతో రుజువైపోయాయి. సాక్షిని నేను. ఒక్క చెవి కూడా ముట్టని సాక్షిని.

ముత్తయ్య నన్ను చూశాడు. నాకు చెడు చెయ్యాలన్న చూపు కాదు, నేనేదో మరిచిపోయానేమో, గుర్తు చేసుకుంటానేమో అన్నట్టు కాసేపు చూశాడు. ఆ నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. గది ఖాళీ చేసి ఊరెళ్లిపోయాడు.

ఇక్కడితో ఆగితే నాది ఒక్క నిమిషం పిరికితనం అనుకోవచ్చు. ఆగలేదు. తర్వాత శ్రావణి హైదరాబాద్ నుంచి చెవులు తెప్పించుకుంది. వాటిలోనూ మందు మూడు గంటల్లోనే దిగింది. అంటే ముత్తయ్య చెవుల్లో తప్పు లేదని ఆ రోజే తేలిపోయింది. సార్ ఆ గ్రాఫు చూశారు. చాలాసేపు చూశారు. ఏదో తేడా ఉందిలే అని శ్రావణికి టాపిక్ మార్చేశారు. మా పేపరు తవ్వాలంటే ముందు తన కాళ్ల కిందే తవ్వుకోవాలి. ఇక ఒక కాంట్రాక్టు అటెండరును వెనక్కి పిలిచి, నీది తప్పు కాదయ్యా అని ఎవరు చెబుతారు? ఏ కాలేజీలో చెప్పారు? సార్ మీద నాకు కోపం ఉంది. దాచను. కానీ ఆయనకు తెలిసింది సగమే. మిగతా సగం నా దగ్గర ఉంది. ఆయన మీద కోపం నాకు చాలా ఏళ్లు నీడలా పనికొచ్చింది, దాని కింద చల్లగా కూర్చున్నాను.

ఆ తర్వాత నేను వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరాను. పిల్లలకు రికార్డు ఎలా రాయాలో నేర్పుతాను. చూసిందే రాయాలి, రాసిందే చెప్పాలి అంటాను. అంటున్నప్పుడు నా గొంతు వణకదు. దానికే నాకు భయం వేసింది. ఇంత అలవాటైపోయిందా అని.

ఈ ఏడు మిరపకాయలు కల్లాల్లో ఉన్న రోజుల్లో భద్రాచలం వెళ్లి, అక్కడి నుంచి దుమ్ముగూడెం బస్సెక్కాను. బస్టాండులో చెవుల ముత్తయ్య ఇల్లెక్కడని అడిగితే చాయ్ దుకాణం ఆయన ఆటో మాట్లాడి పంపించాడు. ఆ పేరు ఇంకా ఉంది. ముత్తయ్య ఎవరిదో కల్లంలో కూలికి కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాడు. నన్ను చూసి లేచాడు. మేడం అన్నాడు. గోనెపట్టా దులిపి వేశాడు, నీళ్లు తెప్పించాడు. మళ్లీ కాయల దగ్గర కూర్చున్నాడు.

చెప్పాను. మేకచెవుల సంగతి, రికార్డు సంగతి, సార్ ముందు నేను అన్న మాట, హైదరాబాద్ చెవుల సంగతి. ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆయన చేతులు ఆగలేదు. ఎర్రకాయ ఒక పక్క, తెల్లబడ్డ తాలుకాయ ఒక పక్క.

"మరి నేను తెచ్చినయ్ ఏం జేసిండ్రు?" అన్నాడు.

"పారేసిన అన్నా."

అప్పుడు ఆగాయి చేతులు. ఉద్యోగం ఎందుకు పోయిందో విన్నప్పుడు ఆగలేదు, దీనికి ఆగాయి. కాసేపటికి మళ్లీ కాయ తీసుకున్నాడు.

"సార్‌కు చెప్పిండ్రా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నరు మేడం? నా చెవులు మంచియని నాకు తెల్వదా? ఎవరికి తెల్వదో ఆళ్లకు చెప్పుండ్రి." తలెత్తకుండానే అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత, రెండు గంటల బస్సు పోతే మళ్లీ సాయంత్రం దాకా లేదని చెప్పి ఆటో పిలిపించాడు.

తిరుగు బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. అంత దూరం వెళ్లి చెప్పుకుంటే ఒక మంచి మాట లేదు, ఒక తిట్టు కూడా లేదు. తిట్టి ఉంటే లెక్క సరిపోయిందనుకునేదాన్ని. భద్రాచలం బ్రిడ్జి దాటేసరికి నాకే సిగ్గేసింది. నేను వెళ్లింది ఆయన కోసమా? ఆయన పరువు పోయింది సార్ దగ్గర, శ్రావణి దగ్గర, కాలేజీలో. నేను చెప్పుకున్నది మాత్రం నన్ను ఏమీ చెయ్యలేని ఆ ఒక్క మనిషి దగ్గర. వేడుకున్నట్టు వెళ్లాను గానీ అందులో కూడా సేఫ్టీ చూసుకున్నాను.

ఇంటికి వచ్చి అబ్బాకు చెప్పాను. అందరికీ చెప్పేస్తే నా ఉద్యోగం పోవచ్చు, ఆయనకు ముందే తెలియాలి కదా. పంది అన్న మాట వినగానే లేచి వెళ్లిపోతాడనుకున్నాను. ఆయన ఉప్పు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నన్ను అడగకపోయావా బేటీ, దవా కోసం అయితే గ్లవ్స్ వేసుకుని చెయ్యమనేవాణ్ణి, కడుక్కుంటే పోతుంది అన్నాడు. తర్వాత అన్నాడు, చెయ్యలేకపోతే మేకదని రాస్తే ఏమయ్యేది అని. మేకదని రాస్తే ఏమయ్యేది? పేపరు కొంచెం చిన్నదయ్యేది. అంతే. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నాకు నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. ఆ రోజు నా చెయ్యి కదలకపోవడం తప్పు కాదు. నాకు అడిగే చోటు లేకుండా చేసినవాళ్లను నేను వదిలిపెట్టను. దీన్ని పట్టుకుని, చూశారా వీళ్లు ఇంతే అనేవాళ్లుంటే, వాళ్లకు నా జవాబు ఒక్కటే. వంకర నా రాతలో ఉంది, నా నమాజులో లేదు. పంది చెవి ముట్టనందుకు ముత్తయ్య ఉద్యోగం పోలేదు. నేను నోరు విప్పినందుకు పోయింది.

మొన్న మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి పేపరు అచ్చు వేసిన పత్రికకు, దాన్ని వెనక్కి తీసుకోమని. అది ఇంగ్లీషులో. ఒకటి సార్‌కు, కాలేజీ పెద్దలకు. అది కావాలనే తెలుగులో రాశాను. మూడోది దాని నకలు, ముత్తయ్యకు. ఆయన ఎవరికైనా చూపించుకోవచ్చు, చూపించుకోకపోవచ్చు, పొయ్యిలో పెట్టుకోవచ్చు. అందులో క్షమాపణ అన్న మాట వాడలేదు. ఆయన అడగనిది ఆయన చేతిలో పెట్టి, దానికి బదులు ఇమ్మనడం నాకు నచ్చలేదు.

పోస్టాఫీసు నుంచి బయటికి వచ్చాక గుండె తేలికపడిందా అంటే, పడింది. దాని మీద నాకు హక్కుందో లేదో తెలియదు, కానీ పడింది. ఇప్పటిదాకా ఎవరి నుంచీ జవాబు రాలేదు. డాక్టరేట్ పోతే పోతుంది. దుమ్ముగూడెం ముత్తయ్య రెండేళ్లు తెచ్చిన చెవులన్నీ కాల్చనివేనని, వాటిని నేను వాడకుండా పారేశానని, అతని మీద వేసిన నింద అబద్ధమని ఆ తెలుగు ఉత్తరంలో ఉంది. కింద నా అసలు పేరుతో సంతకం ఉంది.